కోడ్ చూసి సెన్సార్ కొనకు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

చెన్నై వేళచ్చేరిలో వాన నీళ్లు తీశాక ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లైటు వెలిగే బళ్లు నీ షెడ్డుకు వస్తూనే ఉంటాయి. స్కానర్‌లో లోపం కోడ్ కనబడగానే చక్రం వేగం చదివే సెన్సార్ కోసం విడిభాగాలు అమ్మే జీపీ రోడ్డుకు కుర్రాణ్ణి పరిగెత్తించకు. ఏ సర్క్యూట్‌లో తేడా ఉందో చెప్పడమే కోడ్ పని. పోయింది సెన్సారా, వైరా, ప్లగ్గా అన్నది నువ్వే తేల్చాలి.

ముందు బ్యాటరీ చూడు. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 12.4 వోల్టుల కంటే తక్కువుంటే ఛార్జి పెట్టు, వోల్టేజి పడిపోయినా తప్పుడు కోడ్లు పడతాయి. స్టీరింగ్ కింది 16 పిన్నుల సాకెట్‌కు స్కానర్ తగిలించి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఏబీఎస్ మెనూలోకి వెళ్లు. చవక బ్లూటూత్ రీడర్లు చాలావరకు ఇంజన్ కోడ్లే చదువుతాయి. వాటిలో కోడ్ లేదని బ్రేకులు బాగున్నాయని ఎవరికీ మాటివ్వకు.

కోడ్లన్నీ ఫోటో తీసుకున్నాకే చెరుపు. బండి నడిపాక తిరిగొచ్చిన కోడ్ వెంటే పడు. సీ0035 అంటే సాధారణంగా ముందు ఎడమ చక్రం స్పీడ్ సెన్సార్ సర్క్యూట్. ఎడమంటే డ్రైవర్ సీట్లో కూర్చున్నప్పటి ఎడమ, బండికి ఎదురుగా నిలబడి లెక్కపెట్టకు.

అసలు గుట్టంతా లైవ్ డేటాలోనే, అంటే బండి నడుస్తుండగా స్కానర్ చూపే అంకెల్లోనే ఉంది. స్కానర్ పక్కవాడి చేతికిచ్చి, తిన్నని రోడ్డు మీద 20–30 కిలోమీటర్ల వేగంతో నడుపు. నాలుగు చక్రాల అంకెలూ కలిసి నడవాలి. ఒకటి ఎప్పుడూ సున్నా అయితే వైరింగో, సెన్సారో. బండి ఆగబోయే ముందు ఒకటే ముందుగా పడిపోయి, పెడల్ కింద ఏబీఎస్ గరగరమంటే టోన్ రింగ్ (సెన్సార్ చదివే, చక్రంతో తిరిగే పళ్ల రింగ్) పగిలిందేమో, తుప్పు పట్టిందేమో చూడు. ఒకటి అదే పనిగా కొంచెం ఎక్కువ చూపిస్తే ఆ టైరు గాలీ సైజూ చూడు. బేరింగ్ మార్చాకే సున్నా వచ్చిందా? అయస్కాంతపు రింగ్ ఉన్న బేరింగ్‌ను తిరగేసి ఎక్కించి ఉంటారు, ఆ రింగ్ వైపు సెన్సార్‌కు ఎదురుగా ఉండాలి.

నీళ్లలో తిరిగిన బండికి చక్రం దగ్గరి ప్లగ్ విప్పు. పిన్నుల మీద పచ్చటి చిలుము ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరబెట్టు. స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పుతూ వైరు కదిలించు, లోపల తెగిన వైరు అప్పుడే బయటపడుతుంది. ఓమ్స్ కొలత పాత కాయిల్ సెన్సార్లకే. అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ రకానికి అది పనికిరాదు, ప్లగ్గులోకి ఏబీఎస్ మాడ్యూల్ (కంట్రోల్ పెట్టె) నుంచి వోల్టేజి వస్తోందో లేదో చూడు.

బ్రేకు ప్యాడ్ మందం స్కానర్‌కు తెలీదు. చక్రం విప్పి చూడాల్సిందే, 3 మిల్లీమీటర్లకు దిగితే మార్చెయ్. ఎలక్ట్రిక్ హ్యాండ్‌బ్రేక్ ఉన్న బండికి వెనక బ్రేకు పిస్టన్ నొక్కేముందు స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టు, లేకపోతే కాలిపర్ (ప్యాడ్లను నొక్కే భాగం) మోటారు పాడవుతుంది. పనయ్యాక ఆ మోడ్ తీసేసి, పెడల్ గట్టిపడేదాకా తొక్కు. అప్పటిదాకా బండి కదపకు.

ఇట్లు,
మావయ్య