పాత రూల్ వదలడం లేదు

ప్రశ్న: పైథాన్ లైబ్రరీ ట్వీపీలోని స్ట్రీమింగ్ క్లయింట్‌తో ఎక్స్ పోస్టులు లైవ్‌గా తీస్తున్నాను. ఏ పోస్టులు కావాలో చెప్పే రూల్‌గా ప్రకాశం బ్యారేజీ అని ఇచ్చినా, నిన్న ఇచ్చిన గుంటూరు మిర్చి రూల్ పోస్టులూ వస్తున్నాయి. పోస్టు సమయం ‘నన్’ (ఖాళీ) అని పడుతోంది, కనెక్షన్ తెగుతోంది. – పాఠకుడు, విజయవాడ

జవాబు: రూల్స్ ఉండేది మీ ప్రోగ్రామ్‌లో కాదు, ఎక్స్ సర్వర్‌లో. ప్రోగ్రామ్ ఆపినా పోవు. గెట్_రూల్స్‌తో చూసి, పాతదాని ఐడీని డిలీట్_రూల్స్‌కి ఇవ్వండి, ఆ తర్వాతే యాడ్_రూల్స్. ప్రకాశం, బ్యారేజీ రెండు మాటలనూ కలిపి కొటేషన్లలో పెట్టండి. లేకపోతే విడివిడిగా ఉన్న పోస్టులూ వచ్చిపడతాయి.

సమయం కావాలంటే ఫిల్టర్ పిలిచేటప్పుడే ట్వీట్_ఫీల్డ్స్‌లో క్రియేటెడ్_యాట్ అడగాలి.

కనెక్షన్ సంగతే అసలు చూసుకోవాల్సింది. పోస్టు వచ్చిన ప్రతిసారీ నడిచే ఆన్_ట్వీట్‌లోనే డేటాబేస్‌కి రాస్తుంటే చదవడం వెనకబడుతుంది, సర్వర్ తెంచేస్తుంది. అక్కడ పోస్టును క్యూలో (వరుసలో) వేసి వదిలేయండి, రాసే పని వేరే థ్రెడ్‌కి అప్పగించండి. వెంటవెంటనే మళ్లీ కలపబోతే 429 ఎర్రర్ (మరీ ఎక్కువసార్లు అడిగారని) వస్తుంది, కాస్త ఆగి కలపండి.