ముందు సీసాడు నీళ్లు పట్టండి

ప్రశ్న: మాది చంద్రపూర్ జిల్లా రాజురా. ఇంట్లో ఐదుగురం. తాగడానికి రోజూ 20 రూపాయలిచ్చి 20 లీటర్ల డబ్బా వేయించుకుంటున్నాం. వంటకు, మిగతా వాడకానికి ఇంటి బోరు నీళ్లే. ఈ మధ్య ఒక ఏజెంటు వచ్చి మా నీళ్లలో రెండు కడ్డీలు ముంచి కరెంటు పెడితే గోధుమరంగు మడ్డి తేలింది. చూసి భయం వేసింది. ఆర్‌ఓ మిషన్ 16,500 అట. వాయిదాల్లో అయితే నెలకు 1,499 చొప్పున 12 నెలలు. రెండో ఏడాది నుంచి నిర్వహణకు ఏటా 4,000. దసరాకు చిట్టీ డబ్బు 20,000 చేతికొస్తుంది. ఇప్పుడే వాయిదాల్లో తీసుకోమంటారా, అప్పటిదాకా ఆగమంటారా?

జవాబు: ఆగండమ్మా. చిట్టీ కోసం కాదు, నీటి పరీక్ష కోసం.

ముందు ఆ మడ్డి సంగతి. అది మీ బోరులోంచి వచ్చింది కాదు, కడ్డీలోంచి వచ్చింది. లవణాలున్న నీటిలో ఇనుప కడ్డీ పెట్టి కరెంటు పంపితే ఇనుము కరిగి తుప్పై తేలుతుంది. ఆర్‌ఓ నీటిలో లవణాలు తక్కువ కాబట్టి అంతగా తేలదు. గారడీ తప్ప పరీక్ష కాదది. టీడీఎస్ మీటరు నిజమైనదే, కానీ కరిగిన లవణాలు మొత్తం ఎన్నో మాత్రమే చెబుతుంది. క్రిములున్నాయా, ఫ్లోరైడ్ ఎంత అన్నది దానికి తెలియదు.

మీ విషయంలో తేలవలసింది, మోతాదు మించితే పళ్లనూ ఎముకలనూ దెబ్బతీసే ఆ ఫ్లోరైడే. చంద్రపూర్, యవత్మాల్ జిల్లాల్లో చాలా ఊళ్ల భూగర్భజలంలో అది ఎక్కువ. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతిని రూపొందించింది నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ, దానికి పెట్టిన పేరు నల్గొండ టెక్నిక్. మీ విదర్భకూ మా తెలంగాణకూ అదొక చేదు చుట్టరికం. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది. అందుకే మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది మడ్డి కాదు, ‘వంటకు బోరు నీళ్లే’ అన్న మాట. అన్నం, పప్పు ఆ నీటినే పీల్చుకుంటాయి.

జల్ జీవన్ మిషన్ అనే కేంద్ర తాగునీటి పథకం కింద నీటి పరీక్షా ప్రయోగశాలల్లో సామాన్యులు కూడా కొద్దిపాటి రుసుముతో పరీక్ష చేయించుకోవచ్చు. అక్కడికెళ్లి మరాఠీలో ‘పాణీ తపాసణీ’ (నీటి పరీక్ష) అని అడిగితే దారి చూపిస్తారు. ఫ్లోరైడ్, టీడీఎస్, కాఠిన్యం, నైట్రేట్, క్రిములు, ఈ ఐదూ చూడమనండి. క్రిముల పరీక్షకు శుద్ధి చేసిన సీసా వాళ్లనే అడగండి.

ఇప్పుడు డబ్బు లెక్క. డబ్బాలకు మీరు ఏటా పెడుతున్నది 7,300, ఐదేళ్లకు 36,500. మిషన్ నగదుకు కొని నాలుగేళ్ల నిర్వహణ కలిపితే 32,500. ఐదేళ్లకు మిగిలేది నాలుగు వేలు, అందులోనూ కొంత కరెంటుకు. ఇంతోటి దానికి అప్పు దేనికి? పైగా వాయిదాల మొత్తం 17,988. ఆ అదనపు 1,488 చూడటానికి చిన్నదే గానీ, నెలనెలా అసలు తీరుతూ ఉంటుంది కాబట్టి ఏడాదికి దాదాపు 16 శాతం వడ్డీ పడినట్టు.

అయితే ఫ్లోరైడ్ ఎక్కువని తేలితే ఈ లెక్క తిరగబడుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు మంచిది. వేరే నీరు దొరకని చోట ఒకటిన్నర వరకు భారతీయ ప్రమాణాలు ఒప్పుకుంటాయి. అది దాటితే వంటకూ శుద్ధమైన నీరే కావాలి. అప్పుడు మీకు రెండు రోజులకు మూడు డబ్బాలు పడతాయి, ఐదేళ్లకు 54,750. దాని ముందు ఆర్‌ఓ చవక. దసరా చిట్టీతో నగదుకు కొనేయండి. ఆరేడు నెలలకోసారి మిషన్ నుంచి వచ్చే నీటిని కూడా పరీక్షించండి, పొర పాతబడితే వడపోత తగ్గుతుంది. ఆ 4,000 ఒప్పందంలో పొర మార్పిడి ఉందా లేదా అన్నది కాగితం మీద రాయించుకోండి. అసలు ఖర్చు అక్కడే దాగి ఉంటుంది. ఇళ్లలో వాడే ఆర్‌ఓలు లీటరు మంచినీటికి సుమారు మూడు లీటర్లు వదిలేస్తాయి. వంటతో కలిపి రోజుకు 30 లీటర్ల మీ వాడకానికి అలా పోయేది 90 లీటర్లు. వేసవిలో బోరు ఎండే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. ఇల్లు తుడవడానికి, మరుగుదొడ్డికి పట్టి పెట్టుకోండి. పశువులకు మాత్రం పోయకండి, ఫ్లోరైడ్ అంతా అందులోనే ఉంటుంది.

ఫ్లోరైడ్, నైట్రేట్ హద్దులో ఉండి, టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే ఆర్‌ఓ అవసరమే లేదు. టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్‌ఓ వద్దని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా చెప్పింది. క్రిముల భయానికి కరెంటు అక్కర్లేని, పైనుంచి నీళ్లు పోసే ఫిల్టరు చాలు. కొనేటప్పుడు కార్ట్రిడ్జ్ ఎన్ని లీటర్లకు వస్తుందో చూడండి. 1,500 లీటర్లని రాసి ఉంటే, రోజుకు 20 లీటర్ల మీ వాడకానికి 75 రోజులు, అంటే ఏడాదికి ఐదు. ఒక్కొక్కటి 600 అనుకున్నా 3,000. డబ్బాల ఖర్చులో సగం కూడా కాదు. అప్పుడు చిట్టీ డబ్బులో చాలా భాగం మిగులుతుంది, దాన్ని పిల్లల ఫీజులకు పక్కన పెట్టండి.

దసరా దాకా డబ్బాలు మానకండి. ఆ ఏజెంటు మళ్లీ వస్తే, అవే కడ్డీలను మీరు కొంటున్న డబ్బా నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి ముంచమనండి.