రిపోర్ట్ బయటికి రావాలి, మా పేర్లు రాకూడదు: రెండూ కుదురుతాయా?

ప్రశ్న: మాది గాజువాక సైడ్. కాంట్రాక్ట్ మీద నైట్ షిఫ్ట్ చేస్తాను. ఆడవాళ్లకి సమాన జీతం, నైట్ షిఫ్ట్‌లో భద్రత మీద పాలసీ తెస్తామని ఒక ప్రభుత్వ కమిటీ వైజాగ్ వచ్చి మమ్మల్ని పిలిచింది. పేర్లు బయటికి రావని చెప్తే నేనూ ఇంకొందరూ సూపర్‌వైజర్ గురించి రాసిచ్చాం. ఇప్పుడు ఆ రిపోర్ట్ ఇమ్మని ఆర్‌టీఐ పెడితే "కాన్ఫిడెన్షియల్, ప్రభుత్వ పరిశీలనలో ఉంది" అని ఒక్క లైన్ జవాబొచ్చింది. ఇంకోపక్క మేం రాసిచ్చిన కాయితాల కాపీల కోసం కాంట్రాక్టర్ మనిషెవరో ఆర్‌టీఐ పెట్టాడని తెలిసింది. మాకు ఇవ్వకుండా వాడికిచ్చేస్తే మా పరిస్థితేంటి సార్?

జవాబు: అమ్మా, ముందు మీ భయం సంగతి చూద్దాం, రిపోర్ట్ నాలుగు రోజులు ఆగినా పర్లేదు, మీ పేరు ఒక్కసారి బయటికెళ్తే వెనక్కి రాదు.

ఆ మనిషి అప్లికేషన్ పెట్టకూడదు అనడానికి లేదు, ఎందుకు కావాలో కారణం చెప్పమని కూడా ఆఫీసు అడగకూడదు, ఆర్‌టీఐ (సమాచార హక్కు) చట్టం సెక్షన్ 6(2) అలా ఉంది. కానీ అడిగినంత మాత్రాన ఇచ్చెయ్యరు. మీరు గోప్యంగా ఇచ్చిన సమాచారం బయటికి ఇద్దామని పీఐఓ (ఆఫీసులో ఆర్‌టీఐ అప్లికేషన్లు చూసే అధికారి) అనుకుంటే, సెక్షన్ 11 కింద అప్లికేషన్ వచ్చిన 5 రోజుల్లో మీకు నోటీస్ పంపాలి, అది మీకు అందిన 10 రోజుల్లో మీరు అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఏంటంటే, మీరు దాన్ని గోప్యంగా ఇచ్చారన్నది రికార్డులో ఉండాలి. నోటిమాటగా "పేర్లు రావమ్మా" అన్న ఆఫీసర్ రేపు ట్రాన్స్‌ఫర్ అయిపోతాడు. అందుకే నోటీస్ కోసం కూర్చోకుండా ఈ వారమే ఒక లెటర్ రాసి పీఐఓకి స్పీడ్ పోస్ట్‌లో పంపండి: ఫలానా తేదీన గోప్యత హామీ మీద వివరాలిచ్చాను, బయటపడితే ఉద్యోగానికీ ప్రాణానికీ ప్రమాదం, సెక్షన్ 8(1)(జి), 8(1)(జె) కింద ఇవ్వకండి అని. ఎవరైనా బెదిరించి ఉంటే అది కూడా తేదీతో సహా రాయండి, ఉత్తినే "భయంగా ఉంది" అంటే బరువుండదు.

సెక్షన్ 8 అంటే ఇవ్వక్కర్లేని సమాచారం లిస్ట్. అందులో 8(1)(జి) అంటే బయటపెడితే మనిషి ప్రాణానికి, భద్రతకి ప్రమాదం తెచ్చే సమాచారం, 8(1)(జె) అంటే వ్యక్తిగత సమాచారం. 2025 నవంబర్‌లో డేటా ప్రొటెక్షన్ చట్టం ద్వారా ఈ (జె)ని మార్చేసారు, పాత క్లాజ్‌లో ఉన్న ప్రజాప్రయోజనం షరతు తీసేసి వ్యక్తిగత సమాచారమైతే చాలు ఇవ్వక్కర్లేదు అన్నట్టు చేసారు. మీ వరకు ఇది రక్షణే. నాకైతే ఈ మార్పు నచ్చలేదు, ఎందుకంటే రేపు ఆఫీసర్లు తమ తప్పులు దాచుకోడానికి కూడా ఇదే చూపిస్తారు. అయితే సెక్షన్ 8(2) ఇంకా ఉంది, ప్రజాప్రయోజనం ఎక్కువుంటే మినహాయింపు ఉన్నదాన్ని కూడా ఇవ్వొచ్చు.

ఇంకో అపోహ కూడా ఉంది. 2013 లైంగిక వేధింపుల చట్టం సెక్షన్ 16 ప్రకారం ఆర్‌టీఐ ఉన్నా సరే బాధితురాలి పేరు, సాక్షుల పేర్లు బయటపెట్టకూడదు, అది మాకు వర్తిస్తుంది కదా అని అడుగుతుంటారు. ఆ సెక్షన్ ఆ చట్టం కింద కంపెనీలో ఉండే ఇంటర్నల్ కమిటీకో జిల్లాలో ఉండే లోకల్ కమిటీకో ఇచ్చిన కంప్లైంట్‌కి సంబంధించింది. పాలసీ కమిటీకి రాసిచ్చిన కాయితం ఆ చట్టం కింద కంప్లైంట్ కాదు, కాబట్టి పూర్తిగా దాని మీదే ఆధారపడకండి.

ఇక రిపోర్ట్. "కాన్ఫిడెన్షియల్" అని ముద్ర కొడితే అది చట్టం అయిపోదు. "పరిశీలనలో ఉంది" అనేది కూడా సెక్షన్ 8లో ఎక్కడా కారణంగా లేదు. వాళ్ల మనసులో ఉన్నది బహుశా 8(1)(ఐ), క్యాబినెట్ పేపర్లు. కమిటీ రిపోర్ట్ సెక్రటేరియట్ బీరువాలో ఉన్నంత మాత్రాన క్యాబినెట్ పేపర్ కాదు, క్యాబినెట్‌కి వెళ్లిందా లేదా అన్నది వాళ్లే చెప్పాలి. వెళ్లినా సరే నిర్ణయం అయిపోయాక కారణాలు, దానికి ఆధారమైన మెటీరియల్ బయటపెట్టాలని అదే క్లాజ్‌లో ఉంది. సెక్షన్ 4(1)(సి) అయితే ఇంకా ముందుకెళ్లి ముఖ్యమైన పాలసీలు తయారుచేసేటప్పుడే సంబంధిత విషయాలన్నీ ప్రచురించాలంటుంది. మంత్రులు, ఆఫీసర్లు లోపల కూర్చుని వాదించుకోడానికి కొంత చాటు కావాలి, ఒప్పుకుంటాను, ఎవడు ఏమన్నాడో మర్నాడు పేపర్లో వస్తుందంటే ఎవరూ నోరు విప్పరు. కానీ మీ కోసం ఇచ్చిన గోప్యతని ఆఫీసు తనకోసం వాడుకుంటే ఎలా?

కేరళలో జస్టిస్ హేమ కమిటీ సంగతి తెలిసే ఉంటుంది. మలయాళ సినిమాల్లో ఆడవాళ్ల పరిస్థితి మీద 2017లో వేసారు, 2019 డిసెంబర్‌లో రిపోర్ట్ ఇచ్చారు, నాలుగేళ్లకు పైగా మూలన పడేసారు. గోప్యంగా చెప్పిన విషయాలున్నాయన్నదే సాకు. చివరికి రాష్ట్ర సమాచార కమిషన్ చెప్పాక 2024 ఆగస్టు 19న మనుషుల్ని గుర్తుపట్టించే భాగాలు తీసేసి ఇచ్చారు. మన దగ్గర కూడా దారి అదే, సెక్షన్ 10, ఇవ్వకూడనిది కోసేసి మిగతాది ఇవ్వడం.

కాబట్టి ఆ ఒక్క లైన్ జవాబు అందిన 30 రోజుల్లోపు పీఐఓ పై అధికారికి ఫస్ట్ అప్పీల్ వేయండి, జవాబు కరెక్టే అని నిరూపించాల్సిన భారం సెక్షన్ 19(5) ప్రకారం పీఐఓ మీదే. అప్పీల్లో మీరే ముందుగా రాసెయ్యండి: "సాక్షుల పేర్లు, ఊరు, హోదా, గుర్తుపట్టే వివరాలు తీసేసి, సెక్షన్ 10 కింద రిపోర్ట్‌లో మిగతా భాగం, సిఫార్సులు ఇవ్వండి, ఏది తీసారో ఏ కారణంతో తీసారో రాసివ్వండి" అని. అప్పుడు మీ పేర్లు అడ్డుపెట్టి పూర్తిగా ఇవ్వకుండా ఉండే వీలు పోతుంది. అక్కడా కాకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కి సెకండ్ అప్పీల్, హైకోర్టు గురించి ఇప్పుడే ఆలోచించొద్దు.

కోయడం కూడా సరిగ్గా కోయాలి. పేరు మీద స్కెచ్ పెన్ గీసి ఇచ్చేస్తారు, కాయితం వెనక్కి తిప్పి వెలుతురులో పెడితే అక్షరాలు కనబడతాయి, పీడీఎఫ్‌లో నల్ల డబ్బా పెట్టినా కింద టెక్స్ట్ అలాగే ఉండిపోయి కాపీ అయిపోతుంది. పేరు పోయినా "రెండో ఫ్లోర్ నైట్ షిఫ్ట్‌లో ఉన్న ఒకే ఒక లేడీ ఆపరేటర్" అని ఉంటే ప్లాంట్‌లో ఎవరికి తెలీదు? అందుకే మీరు రాసిచ్చిన దాని కాపీ ఉంటే, అందులో మిమ్మల్ని పట్టిచ్చే వాక్యాలు పెన్సిల్‌తో గుర్తుపెట్టి ఆ లిస్ట్ లెటర్‌కి జతచేయండి.

నోటీస్ వస్తే ఆ కవర్ పారేయొద్దు, అందిన తేదీ దాని మీదే రాసుకోండి, పది రోజులు అక్కణ్నుంచే లెక్క.