రెడ్ డాటా, హోలోగ్రాఫిక్కా: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి మాధురికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు రైఫిల్ పోటీలకు పేరు ఇచ్చావనీ, దాని మీదకు గురి చూసుకునే పరికరంగా రెడ్ డాట్ సైట్ కొనాలా, హోలోగ్రాఫిక్ సైట్ కొనాలా తేల్చుకోలేక రాత్రిళ్లు వీడియోలు చూస్తూ కూర్చుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. గర్వంగా అనిపించింది, వెంటనే దిగులూ పట్టుకుంది. రైఫిల్‌తో ఎంత జాగ్రత్తగా ఉండాలో నీకు నేర్పేవాళ్లు ఉన్నారు కనుక ఆ విషయంలో నాకు బెంగ లేదు. నా బెంగంతా నీ కళ్ల గురించి. ఎందుకో రాస్తాను, అది చదివేదాకా ఏదీ కొనకు.

ముందుగా పోటీ నియమావళి తెరిచి చూడు. ఒలింపిక్ తరహా రైఫిల్ పోటీల్లో ఈ రెండింటికీ చోటు లేదు, అక్కడ చిన్న రంధ్రంలోంచి గురి చూసే పీప్ సైటే. ఐపీఎస్‌సీ (ఇంటర్నేషనల్ ప్రాక్టికల్ షూటింగ్ కాన్ఫెడరేషన్) రైఫిల్ పోటీల్లో ఓపెన్ విభాగంలో ఇవి పెట్టుకోవచ్చు, స్టాండర్డ్ విభాగంలో పెట్టుకోకూడదు. నువ్వు పేరు ఇచ్చిన విభాగం ఏదో ఇవాళే చూసుకో.

రెడ్ డాట్‌లో ఉన్నది చాలా సాదా ఏర్పాటు. లోపల ఒక పక్కగా చిన్న ఎల్‌ఈడీ వెలుగుతుంది. దాని వెలుగు ముందున్న వంపు అద్దానికి తగిలి సమాంతర కిరణాలుగా నీ కంటికి తిరిగి వస్తుంది. ఆ అద్దం మీది పూత ఎరుపును వెనక్కి తిప్పి, మిగతా వెలుగును చాలావరకు రానిస్తుంది కాబట్టి, చుక్క దూరాన లక్ష్యం మీదే తేలుతున్నట్టు కనిపిస్తుంది. అద్దంలో ప్రతిఫలించే గుర్తుతో గురి చూడవచ్చన్న ఆలోచనకు డబ్లిన్‌లో టెలిస్కోపులు చేసిన హోవర్డ్ గ్రబ్ 1900లోనే పేటెంట్ తీసుకున్నాడు. బ్యాటరీతో వెలిగే చుక్కను 1975లో స్వీడన్‌కు చెందిన ఎయిమ్‌పాయింట్ సంస్థ రైఫిల్ మీదకు తెచ్చింది.

హోలోగ్రాఫిక్ సైట్‌లో చుక్కను ప్రతిఫలింపజేసే వంపు అద్దం ఉండదు. చుక్క, దాని చుట్టూ వలయం ముందే హోలోగ్రామ్‌గా అద్దాల మధ్య పొరలో నమోదై ఉంటాయి, లేజర్ కాంతి పడగానే అవి కనిపిస్తాయి. హోలోగ్రఫీ కనిపెట్టిన డెనిస్ గేబర్‌కు 1971లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. 1996లో బుష్‌నెల్ పేరుతో బజారులోకి వచ్చిన ఈ రకం సైట్లు ఆ తర్వాత ఈవోటెక్ పేరుతోనే ఎక్కువ మందికి తెలిశాయి. బొమ్మ సమాచారం పొర అంతటా పరుచుకుని ఉంటుంది కనుక, అద్దంలో సగం బురద పట్టినా మిగిలిన సగంలోంచి వలయం కనిపిస్తూనే ఉంటుంది. ఈ గుణం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. పైకప్పు లేని రెడ్ డాట్ సైట్లలో ఒక్క వాన చినుకు ఎల్‌ఈడీ మీద నిలిచినా చుక్క చెదిరిపోతుంది. అందుకే రెడ్ డాట్ కొంటే రెండు వైపులా మూసి ఉన్నదే కొను.

ఇక మీ నాన్నగారి సంగతి. ఆయన నీకు ఎన్నడూ చెప్పి ఉండరు, చెప్పానని తెలిస్తే నా మీద కోప్పడినా కోప్పడతారు. అయినా నీకు తెలియాలి.

బావ తన మొదటి రెడ్ డాట్‌ను రైఫిల్‌కు బిగించుకున్న రోజున చూసి, చుక్క గుండ్రంగా లేదన్నాడు. కుడివైపు కిందకు తోక సాగిన కామాలా ఉందట. సరుకులో లోపం అనుకుని తిప్పి పంపాడు. మారుగా వచ్చిన రెండోదానిలోనూ అదే తోక, అదే వాలు. ఇది అచ్చంగా మోసమేనని అమ్మినవాడితో పెద్ద గొడవ పడ్డాడు. అంతటితో ఆగినా బాగుండేది. స్పష్టంగా కనిపించడం లేదని వెలుతురు పెంచాడు, పెంచేకొద్దీ తోక ఇంకా సాగింది. ఆ తోకతోనే సర్దుకుని, మసకలో తనకు మధ్య అనిపించిన చోటుతో జీరో చేశాడు, అంటే తూటా ఆ చోటే తగిలేలా సైట్‌ను సరిచేశాడు. మిట్ట మధ్యాహ్నం కంటిపాప చిన్నదై ఉంటుంది కనుక తోక కురచగా కనిపించేది, సాయంత్రం కంటిపాప విప్పారేసరికి అదే తోక పొడుగయ్యేది, దానితోపాటు ఆయన మధ్య అనుకున్న చోటూ జరిగిపోయేది. పగలు కాగితం నడుమ తగిలిన తూటాలు సాయంత్రం పక్కకు తగిలేవి. ఆయన మాత్రం రైఫిల్ గొట్టాన్నీ, తూటాలనూ, చివరకు తన ఊపిరినీ అనుమానించాడు. ఆ ఏడు పోటీలన్నీ ఆ అనుమానంలోనే కరిగిపోయాయి.

నేను చూడబోయినప్పుడు సైట్‌ను రైఫిల్ మీది నుంచి ఊడదీసి చేతికిచ్చి, చుక్కను చూస్తూ దాన్ని మెల్లగా పక్కకు తిప్పమన్నాను. సైట్ తిరిగింది, తోక మాత్రం కుడివైపు కిందకే చూస్తూ ఉండిపోయింది. లోపం సైట్‌లో ఉంటే తోక కూడా దానితోపాటే తిరగాలి. ఆ తర్వాత ఒక అట్టముక్కకు సూదితో చిన్న చిల్లు పొడిచి, దాన్ని కంటికి ఆనించుకుని చూడమన్నాను. చుక్క గుండ్రంగా, సూదిమొనంత నిక్కచ్చిగా కనిపించింది. బావ చాలాసేపు ఆ అట్టను దించలేదు, ఒక్క మాటా మాట్లాడలేదు. మర్నాడు కంటి డాక్టరు దగ్గరకు వెళ్తే సిలిండర్ పవర్ ఉందని తేలింది. అంటే అస్టిగ్మాటిజం. కనుపాప ముందరి పొరకు అన్ని దిక్కులా ఒకే వంపు లేకపోవడమే చాలావరకు దాని మూలం. ఇది కుటుంబాల్లో వచ్చే అవకాశం ఉన్న లోపం. నువ్వు ఆయన కూతురివి, అచ్చం ఆయనలాగే కళ్లు చికిలించి దూరపు బోర్డులు చదివే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. చెబితే విన్నావా?

కాబట్టి కంటి పరీక్ష ముందు, కొనుగోలు తర్వాత. ఎవరిదైనా రెడ్ డాట్ ఒకసారి అడిగి, తూటాలు లేవని ఇద్దరూ చూసుకున్నాక, సైట్ తిప్పే పరీక్షా చిల్లు పరీక్షా రెండూ చెయ్యి. ఫోన్ కెమెరాతో ఫొటో తీసినా తెలుస్తుంది, ఫొటోలో గుండ్రంగా ఉండి నీ కంటికి సాగి కనిపిస్తే తప్పు కంటిదే. కళ్లద్దాలతో సరిపోతే ఇక ఏ రకమైనా నీ ఇష్టం. సరిపోకపోతే హోలోగ్రాఫిక్ చూడు. అందులో చుక్క కాస్త మసకబారినా చుట్టూ ఉన్న పెద్ద వలయాన్ని బట్టి కన్ను నడుమను పట్టేస్తుంది, కొందరికి అది ఎంతో హాయిగా ఉంటుంది. అందరికీ ఉంటుందని మాత్రం అనుకోకు. దగ్గరగా చూస్తే దాని గీతలు ఇసుక రేణువుల్లా చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. లేజర్ కాంతి స్వభావమే అంత, దాన్ని లోపం అనుకుని మళ్లీ నాన్నగారి గొడవ మొదలుపెట్టకు.

కొలతలు కూడా చెబుతాను. 1 ఎంఓఏ (మినిట్ ఆఫ్ యాంగిల్, డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) అంటే 100 మీటర్ల దగ్గర దాదాపు 2.9 సెంటీమీటర్లు. 2 ఎంఓఏ రెడ్ డాట్ అక్కడ ఆరు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ మేర కప్పుతుంది, 4 ఎంఓఏది దానికి రెండింతలు. ఈవోటెక్ ప్రసిద్ధ గుర్తులో నడుమ చుక్క 1 ఎంఓఏ, వలయం 68 ఎంఓఏ, అంటే 25 మీటర్ల దగ్గర వలయం దాదాపు అర మీటరు వెడల్పు. దగ్గరి లక్ష్యాల మీద త్వరగా గురి కుదరాలంటే ఆ వలయం గొప్ప సాయం. దూరపు కాగితం మీద ఓపికగా కాల్చాలంటే సన్నని చుక్కే కావాలి. మూడు రెట్ల మాగ్నిఫైయర్ పెడితే రెడ్ డాట్‌లో లక్ష్యంతోపాటు చుక్కా పెద్దదై కనిపిస్తుంది కనుక అది కప్పే మేర తగ్గదు.

ఇక నన్ను రెడ్ డాట్ వైపు మొగ్గేలా చేసేది బ్యాటరీ. ఎయిమ్‌పాయింట్ కాంప్ ఎం4 ఒక్క ఏఏ సెల్‌తో 80,000 గంటలు వెలుగుతుందని తయారీదారు చెబుతాడు. హోలోగ్రాఫిక్‌లో లేజర్‌కు కరెంటు ఎక్కువ కావాలి, వోర్టెక్స్ యూహెచ్-1కు చెప్పేది దాదాపు 1,500 గంటలే. పైగా ఈవోటెక్ సైట్లు బ్యాటరీ కాపాడటానికి ఎనిమిది గంటలకు, వేరే బటన్‌తో వెలిగిస్తే నాలుగు గంటలకు, వాటంతట అవే ఆరిపోతాయి. నీ వంతు వచ్చి బట్ భుజానికి ఆనించేసరికి అద్దం ఖాళీగా ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకో. హోలోగ్రాఫిక్ కొంటే వరుసలోకి వెళ్లే ముందు దాన్ని మళ్లీ వెలిగించే అలవాటు చేసుకో, సంచిలో అదనపు సెల్ పెట్టుకో.

వేడికీ చలికీ లేజర్ తరంగదైర్ఘ్యం మారుతుంది, అది మారితే హోలోగ్రామ్ చూపే దిశా కదులుతుంది. దాన్ని సరిదిద్దే ఏర్పాటు లోపల ఉండాలి. తీవ్రమైన చలిలోనూ వేడిలోనూ ఈవోటెక్ సైట్ల గురి జరుగుతోందని తెలిసీ దాచారన్న ఆరోపణ మీద, దాని అప్పటి మాతృసంస్థ ఎల్-3 కమ్యూనికేషన్స్ 2015లో 2.56 కోట్ల డాలర్లు చెల్లించేలా అమెరికా ప్రభుత్వంతో రాజీ చేసుకుంది. అందుకని ఏ రకం తీసుకున్నా తెల్లవారుజామున ఒకసారి, మండుటెండలో ఒకసారి జీరో సరిచూడు.

పారలాక్స్ (తల జరిగితే చుక్క కూడా గుర్తు మీది నుంచి జరగడం) లేదని రెండు రకాలవాళ్లూ ప్రకటించుకుంటారు, పూర్తిగా నమ్మకు. ఖాళీ రైఫిల్‌ను ఇసుక సంచుల మీద కదలకుండా ఉంచి, చుక్కను కాగితం మీది గుర్తుతో కలిపి, రైఫిల్ తాకకుండా తల మాత్రం అటూ ఇటూ జరిపి చూడు. చుక్క అంచుకు చేరినప్పుడు గుర్తు నుంచి ఎంత జరిగిందో అదే నీ తప్పు కొలత. 25 మీటర్ల దగ్గరా 100 మీటర్ల దగ్గరా విడివిడిగా చూడు. చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనితే ఈ బాధ చాలావరకు ఉండదు.

సైట్‌ను రైఫిల్‌కు పట్టి ఉంచే మౌంట్ స్క్రూలు తయారీదారు చెప్పిన బిగువుకే బిగించి, స్క్రూ తల మీంచి మౌంట్ మీదకు ఒక సన్నని పెయింట్ గీత గీయి. గీత చీలితే స్క్రూ వదులైనట్టు. రెండు కళ్లూ తెరిచి లక్ష్యాన్నే చూడు, చుక్క దానంతట అదే కుదురుతుంది.

కళ్లు బాగుంటే మూసి ఉన్న 2 ఎంఓఏ రెడ్ డాట్ అన్నదే నా మాట. ఎలాగూ చివరికి నీ ఇష్టమే నెగ్గుతుంది, మీ అమ్మ పోలిక. కంటి డాక్టరు చీటీలో సిలిండర్ అంకె ఎంత ఉందో, అది కుడి కంటిదో ఎడమ కంటిదో రాసి పంపు. అది అందాక మోడల్ సంగతి మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ మామయ్య