ఓడ ఎక్కిన తోతాపురి గుజ్జుకు అమెరికా సుంకం ఎవరు భరించాలి?

ప్రశ్న: చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర మాకు చిన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. 2025 మే నెలలో న్యూజెర్సీ వ్యాపారి ఒకరికి రెండు కంటైనర్ల తోతాపురి గుజ్జును, కంటైనరు 14,000 డాలర్ల చొప్పున, ఎఫ్‌ఓబీ చెన్నై (చెన్నైలో ఓడ ఎక్కించే వరకే మా బాధ్యత) పద్ధతిలో అమ్మేందుకు ఒప్పుకున్నాం. మొదటి కంటైనరు, అంటే 215 కిలోల డ్రమ్ములు 80, ఆగస్టు 14న ఓడ ఎక్కింది. బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఎక్కిందని ఓడ కంపెనీ ఇచ్చే రసీదు) తేదీ నుంచి 90 రోజులకు చెల్లిస్తానని ఆయన బిల్లుపై అంగీకార సంతకం చేసి, బ్యాంకు నుంచి పత్రాలు తీసుకున్నారు. సరుకు సెప్టెంబరు 22న అక్కడ దిగింది. ఇప్పుడేమో 50 శాతం సుంకం పడింది కాబట్టి 7,000 డాలర్లు మా ధరలోంచి తగ్గించుకుంటామని, రెండో కంటైనరు వద్దని రాశారు. ఆగస్టు 27కు ముందే ఓడ ఎక్కిన సరుకుకు అదనపు సుంకం ఎలా వేస్తారు? ఈ కోతకు మేం ఒప్పుకోవాలా?

జవాబు: ఒప్పుకోవలసిన అవసరం లేదు. అయితే సుంకం విషయంలో మీ అనుమానం సరైనది కాదు కనుక ముందుగా దాన్ని తీర్చుకోండి. లేకపోతే మీరు రాసే జవాబులో ఆ ఒక్క తప్పును పట్టుకుని అవతలివారు మిగతా న్యాయమైన వాదనను పక్కకు నెట్టేస్తారు.

భారత సరుకులపై అమెరికా ఆగస్టు 7 నుంచి 25 శాతం సుంకం వేసింది. రష్యా చమురు కొంటున్నామన్న కారణం చూపి ఆగస్టు 6న జారీ చేసిన మరో ఉత్తర్వుతో ఆగస్టు 27 నుంచి ఇంకో 25 శాతం కలిపింది. మీ సరుకు 14వ తేదీన బయలుదేరింది కాబట్టి మొదటి 25 శాతం నుంచి మినహాయింపు దొరకదు. రెండోదాని విషయంలో ఉత్తర్వు పెట్టిన షరతులు రెండు: సరుకు ఆగస్టు 27కు ముందే ఓడలోకి ఎక్కి దారిలో ఉండాలి, సెప్టెంబరు 17కు ముందే అమెరికా కస్టమ్స్‌లో దిగుమతిగా నమోదు కావాలి. మీకు మొదటి షరతు నెరవేరింది, రెండోది ఐదారు రోజుల్లో తప్పిపోయింది. చెన్నై నుంచి అమెరికా తూర్పు తీరానికి ఓడ నెలకు పైగా ప్రయాణించాలని తెలిసి కూడా అంత తక్కువ గడువు ఇవ్వడం మన ఎగుమతిదారులకు అన్యాయమే అయినా, ఆ ఉత్తర్వు మాటల ప్రకారం అదనపు సుంకం పడుతుంది.

సుంకం పడటం వేరు, అది మీ నెత్తిన పడటం వేరు. ఎఫ్‌ఓబీ పద్ధతిలో సరుకును ఓడపైకి ఎక్కించడంతో అమ్మకందారు బాధ్యత పూర్తవుతుంది. ఆ తర్వాతి రవాణా ఖర్చు, గమ్యంలో కట్టవలసిన దిగుమతి సుంకం కొనుగోలుదారువి. అమెరికా చట్టం ప్రకారం కూడా ఆ సుంకానికి బాధ్యుడు దిగుమతిదారుగా నమోదైన వ్యక్తే. పైగా ఆయన బిల్లుపై అంగీకార సంతకం చేశారు. ఆ సంతకంతో 14,000 డాలర్లను గడువు నాటికి పూర్తిగా చెల్లిస్తానని ఆయన మాట ఇచ్చినట్లయింది. ఆ గడువు నవంబరు 12. ఆ రోజు డబ్బు రాకపోతే బిల్లును అక్కడ ప్రొటెస్ట్ చేయించమని (చెల్లించలేదని నోటరీ చేత అధికారికంగా నమోదు చేయించమని) మీ బ్యాంకుకు ఇప్పుడే లిఖితపూర్వకంగా సూచన ఇవ్వండి.

సుంకం పెరగడం తమ చేతిలో లేని పరిణామం కాబట్టి ఒప్పందం చెల్లదని ఆయన అనవచ్చు. మన కాంట్రాక్టు చట్టంలోని 56వ సెక్షను నెరవేర్చడం అసాధ్యమైన ఒప్పందాలకే వర్తిస్తుంది, ఖర్చు పెరిగినవాటికి కాదు. 2017లో ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చినది దాదాపు ఇలాంటి పరిస్థితే: ఇండోనేషియా ప్రభుత్వం నిబంధనలు మార్చడంతో అక్కడి బొగ్గు ధర పెరిగింది, ఒప్పుకున్న రేటుకు కరెంటు ఇవ్వలేమని ఇక్కడి కంపెనీలు వాదించాయి. పరాయి దేశంలో చట్టం మారి ఖర్చు పెరిగినంత మాత్రాన ఒప్పందం రద్దు కాదని కోర్టు తేల్చింది. అమెరికా వాణిజ్య నియమావళి కూడా ఖర్చు పెరుగుదల ఒక్కదాన్నే సాకుగా ఒప్పుకోదు.

ఇంత బలమైన హక్కు ఉన్నా, 14,000 డాలర్ల కోసం న్యూజెర్సీ కోర్టుకు వెళ్లమని నేను చెప్పలేను. అక్కడి వకీలు ఫీజుకే అది చాలదు. ఏళ్ల తరబడి సరుకు కొంటున్న మనిషి అయితే కొంత సర్దుబాటు చేసుకోవాలని మీకే అనిపించవచ్చు. అలా అనిపిస్తే ఈ కింది సంగతులు తెలిసి చేయండి.

2025 అక్టోబరు నాటి విదేశీ మారక నిబంధనల ప్రకారం ఎగుమతి డబ్బు ఓడ ఎక్కిన తేదీ నుంచి తొమ్మిది నెలల్లో, అంటే మీకు 2026 మే 14 నాటికి, దేశంలోకి రావాలి. ఇన్‌వాయిస్ విలువను తగ్గించాలంటే బ్యాంకు ఆమోదం కావాలి, ఆ ఆమోదానికి మామూలు హద్దు 25 శాతం. ఆయన అడుగుతున్నది 50 శాతం. మూడేళ్లకు పైగా మంచి రికార్డుతో ఎగుమతి చేస్తున్నవారికి కొన్ని షరతులపై ఇంకొంత వెసులుబాటు ఉంది. అది మీకు వర్తిస్తుందో లేదో బ్యాంకులో కనుక్కునే వరకు ఈమెయిల్‌లో ‘సరే’ అన్న ఒక్క మాట కూడా రాయవద్దు. ఈసీజీసీ (ఎగుమతి బాకీలకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ) పాలసీ ఉంటే వారికి చెప్పకుండా రాయితీ ఇవ్వడం క్లెయిముకే ముప్పు.

చాలామంది పట్టించుకోని విషయం ఇంకొకటి ఉంది. ఈ సుంకాలకు ఆధారంగా చూపిన 1977 నాటి అత్యవసర ఆర్థికాధికారాల చట్టం అధ్యక్షుడికి ఇలాంటి సుంకాలు వేసే అధికారం ఇవ్వదని అమెరికా ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆగస్టు 29న 7–4 మెజారిటీతో తీర్పు చెప్పింది. ఈ జవాబు రాసిన 2025 అక్టోబరు నాటికి సుంకాల వసూలు ఆగలేదు. అప్పటికి అక్కడి సుప్రీంకోర్టు ఆ వివాదాన్ని 2025 నవంబరు 5న వినవలసి ఉంది. రేపు సుంకం వాపసు అయితే ఆ డబ్బు దిగుమతిదారు ఖాతాలో పడుతుంది, మీకు రాదు. ఉదాహరణకు మీరు ఈరోజు 3,000 డాలర్లు వదులుకుంటే, రేపు ఆయన మీ దగ్గర తగ్గించుకున్నదీ, ప్రభుత్వం నుంచి వచ్చినదీ రెండూ ఉంచుకుంటారు. అందుకే ఏ సర్దుబాటు పత్రంలోనైనా, వాపసు వచ్చిన పక్షంలో మీరు వదులుకున్న మొత్తాన్ని ఇన్ని రోజుల్లో తిరిగి పంపాలని, వాపసు కోసం గడువులోగా అభ్యంతరం దాఖలు చేసే బాధ్యత ఆయనదేనని స్పష్టంగా రాయించుకోండి. 2025 సీజనులో ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా తోతాపురి ధర కట్టి కాయ కొన్నారు; మీరు వదులుకునే ప్రతి డాలరూ రైతుకు చెల్లించవలసిన బాకీలోంచి పోయేదే.

తక్కువ ధరతో కొత్త ఇన్‌వాయిస్ ఇస్తే సుంకం తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. సరుకు దిగుమతి అయ్యాక ఇచ్చే తగ్గింపును అమెరికా కస్టమ్స్ చట్టం లెక్కలోకి తీసుకోదు, కాబట్టి సుంకం ఒక్క డాలరు కూడా తగ్గదు. మిగతా సొమ్మును వేరే దారిలో బంధువుల ద్వారా తీసుకోవడం రెండు దేశాల్లోనూ చట్టవిరుద్ధం. దుబాయ్ మీదుగా పంపితే గట్టెక్కుతామన్న మాట కూడా అంతే: సుంకానికి సరుకు ఎక్కడ తయారైందన్నదే లెక్క, ఎగవేత కోసం మూడో దేశం మీదుగా పంపినట్లు తేలితే 40 శాతం సుంకం వేయాలని 2025 జులై 31 నాటి ఉత్తర్వులోనే రాశారు.

రెండో కంటైనరు ఇంకా మీ గోదాములోనే ఉంది కాబట్టి అంగీకార బిల్లు పద్ధతిలో దాన్ని పంపవద్దు. పదిహేను రోజుల్లో సగం సొమ్ము ముందుగా పంపి సరుకు తీసుకోవాలని, లేకపోతే ఇతరులకు అమ్మి, ధరలో తేడా వస్తే దాన్ని ఆయన నుంచి రాబడతామని నోటీసు ఇవ్వండి. నష్టం తగ్గించుకునే ప్రయత్నం చేయనివారికి మన కాంట్రాక్టు చట్టం 73వ సెక్షను కింద పూర్తి పరిహారం దక్కదు. అందువల్ల గల్ఫ్, యూరప్ కొనుగోలుదారులతో జరిపే ప్రతి ఉత్తర ప్రత్యుత్తరాన్నీ తేదీలతో సహా ఈ రోజు నుంచే భద్రపరచుకోండి.