ఆటిజం ఉన్న పిల్లలను మామూలు స్కూల్లో టీచర్లు ఎలా చూసుకుంటారు?
ముందు ఒక మాట: 'సీటు ఇవ్వం' అని తిప్పి పంపడం కుదరదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులు వివక్ష లేకుండా చేర్చుకోవాల్సిందే.

అసలు తేడా క్లాసులో తెలుస్తుంది. బెల్లు మోగగానే చెవులు మూసుకుని బల్ల కిందికి దూరే పిల్లాడిది పొగరు కాదు, ఆ చప్పుడు తట్టుకోలేకపోవడం. అరిస్తే ఇంకా బెదిరిపోతాడు. తెలిసిన టీచరైతే బెల్లు కొట్టబోతున్నారని ముందే చెబుతారు, ఆ రోజు పీరియడ్లను బొమ్మలుగా గీసి బల్లకు అతికిస్తారు. 'పుస్తకం తియ్యి', ఆగి, 'పెన్సిల్ పట్టుకో' అంటూ ఒక్కో మాటే చెబుతారు. కళ్లలోకి చూడమని పట్టుబట్టరు.

కిక్కిరిసిన క్లాసులో ఇదంతా ఒక్కరి వల్ల కాదు, నిజమే. తెలుగు రాష్ట్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, వాళ్లను అడగండి. సీబీఎస్‌ఈ పరీక్షల్లో స్క్రైబ్ (పిల్లాడు చెబితే జవాబులు రాసిపెట్టే మనిషి), అదనపు సమయం కూడా దొరుకుతాయి, వైకల్య సర్టిఫికెట్ ముందే తీసుకోండి.