వాళ్ళు ఏం చేశారో పాడు

చిన్నీ,

నీ ఉత్తరం అందింది. సారా వ్యతిరేక ఉద్యమంలో నిలబడ్డ ఆడవాళ్ళ మీద కాలేజీలో కవితలు, పాటలు కలిపి అరగంట ప్రదర్శన చేస్తున్నారని తెలిసి చాలా సంతోషించాను. నువ్వు పంపిన కవితలు రెండుసార్లు చదివాను. అన్నింట్లోనూ కన్నీళ్ళే ఉన్నాయమ్మా. వాళ్ళు ఏం చేశారో ఒక్కదాంట్లోనూ లేదు.

ఈ తప్పు నేనూ చేశాను. పాటలు, నాటికలతో ప్రచారం చేసే కళాజాతతో ఊరూరా తిరిగే రోజుల్లో ఒకామె తన బాధ చెప్పుకుంటే రాత్రికి రాత్రే పాట కట్టి, మర్నాడు ఆమె ముందే పాడాను. మొగుడు కొట్టడం, పిల్లలు పస్తులుండటం, అంతా పెట్టాను. జనం ఏడ్చారు. ఆమె మాత్రం మధ్యలోనే లేచి వెళ్ళిపోయింది. వెతుక్కుంటూ ఇంటికి వెళితే, "దెబ్బలు తిన్నానని ఊరందరికీ తెలుసు గదమ్మా. సారా బండికి అడ్డం పడుకున్నది పాడలేదేం?" అంది. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

అందుకే ముందు పనులు రాసుకో. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి కూడిన ఆడవాళ్ళే సారా కొట్టు మూయించారు. ఆ ఊపు పల్లె పల్లెకూ పాకి, 1993 అక్టోబరు 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది. దూబగుంటలో ముందు నిలిచిన రోశమ్మ పేరు అందరూ చెబుతారు. ఆమెలాగే చీపురు, కారప్పొడి పట్టుకుని నిలబడ్డ వందల మంది పేర్లు ఎవరూ చెప్పరు. నీ పాటలో ఆ చేతులు కనపడాలి.

బుర్రకథ పద్ధతిలో కట్టు. తంబురా నీ చేతిలో ఉంటే, పక్కన డక్కీలు వాయిస్తూ వంత పాడే ఇద్దరు వంతలు. కథ ఏడుపులోకి జారినప్పుడల్లా వంత "అప్పుడామె ఏం చేసింది?" అని అడగాలి. నువ్వు జవాబు చెప్పి తీరాలి. హాస్యం చెప్పే వంతకు మాత్రం తాగుబోతు నడక పెట్టొద్దు. ఇంట్లో ఆ నడక చూసి వణికిన పిల్లలు ఎదురుగా కూర్చుని ఉంటారు.

మాటలు వాళ్ళవే వాడు. "అబల", "త్యాగమూర్తి" కొట్టేయి.

పేరు చెప్పాలంటే ముందు అడుగు, వద్దంటే వదిలెయ్యి. స్టేజీ గురించి టెన్షన్ పడకు. సంక్రాంతికి ఊరికి రా. ఆనాటి వాళ్ళు నలుగురైదుగురు ఇంకా ఉన్నారు, మన అరుగు మీద కూర్చోబెడతాను. ముందు వాళ్ళకి వినిపించు. ఫోన్ లోపల పెట్టెయ్, నోట్‌బుక్ తెచ్చుకో. మధ్యలో ఆపి సరిదిద్దుతారు, దిద్దనివ్వు.

మీ అత్తయ్య